ఆ ఆక్సిజన్ ఎవరిది?

మన డిగ్రీ కాలేజీల్లో ఆర్గానిక్ కెమిస్ట్రీని శ్లోకాల్లా వల్లె వేయిస్తున్నారు. శ్లోకానికైతే అర్థం చెప్పే పంతులుగారు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. బోర్డు మీద గీసే ఆ వంకర బాణాలకి మాత్రం "ఇలాగే జరుగుతుందని ఎలా తెలిసింది?" అని అడిగితే "పుస్తకంలో ఉంది" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. నేను కెమిస్ట్రీ వాడిని కాదు. ఇంటర్లో ఎంపీసీ, తర్వాత ఇంజనీరింగ్, ఇప్పుడు పొద్దస్తమానం లాగ్ ఫైళ్ళు చూసుకునే ఉద్యోగం. అయినా ఈ విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివే ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా డిగ్రీ చేతికొచ్చేలోపు కనీసం ఒక్క ఐసోటోపు ప్రయోగం సొంత చేత్తో చేసి, దాని మాస్ స్పెక్ట్రమ్ సొంత కళ్ళతో చూడాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదని ఒప్పించటానికే ఈ టపా.

మాది కారంచేడు. ఊరి పేరు చెప్పగానే కొందరు సినిమాల రామానాయుడుగారి ఊరేనా అంటారు, కొందరు 1985 జులై గురించి అడుగుతారు. రెండూ మా ఊరివే, దాచుకునేదేం లేదు. నేనివాళ చెప్పేది మాత్రం మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి లాంటి చోట్ల ఉన్న కాలేజీలకి బస్సుల్లో, షేర్ ఆటోల్లో వెళ్ళి బీఎస్సీ చదువుకునే పిల్లల గురించి. లక్షలు పోసి కోచింగులకి పంపలేని ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళు వీళ్ళలో చాలామంది. మా బాబాయి కూతురు కూడా వాళ్ళలో ఒకతె. కాలేజీ పేరు చెప్పను. ఏ పేరు పెట్టినా కథ పెద్దగా మారదు.

దసరా సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు రికార్డు రాసుకుంటూ అడిగింది.

"అన్నయ్యా, యాసిడ్డూ ఆల్కహాలూ కలిస్తే ఎస్టరూ నీళ్ళూ వస్తాయి కదా. ఆ నీళ్ళల్లో ఆక్సిజన్ యాసిడ్ నుంచి వచ్చిందా, ఆల్కహాల్ నుంచా? యాసిడ్ నుంచే అని మా సార్ చెప్పారు. ఆక్సిజన్లన్నీ ఒకేలా ఉంటాయి కదా, మరి వాళ్ళకెలా తెలిసింది?"

"మీ సార్‌నే అడగలేకపోయావా?"

"అడిగాను. అది పరీక్షకి రాదన్నారు."

పరీక్షకి రానిది అదే మరి! జవాబు వస్తుంది, రెండు మార్కులకి. ఆ జవాబు ఎలా దొరికిందన్నది రాదు. కెమిస్ట్రీ అంతా ఆ "ఎలా"లోనే ఉందని నాకనిపిస్తుంది. ప్రాక్టికల్స్‌లో వీళ్ళు ఎస్టర్ చేస్తారు కూడా. టెస్ట్‌ట్యూబ్‌లో యాసిడ్, ఆల్కహాల్, రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేసి, పళ్ళ వాసన వచ్చిందని రాసుకుంటారు. వాసన దగ్గరే ఆగిపోతుంది.

ఆ అమ్మాయి ప్రశ్న చిన్నదేం కాదు. ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్ళని తిప్పలు పెట్టిన ప్రశ్న. 1934లో మైఖేల్ పొలానీ, సాబో కలిసి ఒక ఎస్టర్‌ని మామూలు నీళ్ళతో కాకుండా, బరువైన ఆక్సిజన్-18 కాస్త ఎక్కువగా ఉన్న నీళ్ళతో విడగొట్టి చూశారు. ఆ బరువైన ఆక్సిజన్ ఆల్కహాల్లో కనపడలేదు. అంటే నీళ్ళ ఆక్సిజన్ యాసిడ్ వైపుకే వెళ్ళింది, బంధం తెగింది అటువైపే. తర్వాత 1938లో రాబర్ట్స్, యూరీ ఎదురు దిక్కు నుంచి వచ్చారు. ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న మిథైల్ ఆల్కహాల్‌ని బెంజోయిక్ ఆమ్లంతో కలిపి, వచ్చిన నీళ్ళని పరీక్షించారు. నీళ్ళల్లో ఉన్నది మామూలు ఆక్సిజనే. ఆల్కహాల్ తన ఆక్సిజన్‌ని వదులుకోలేదు, వదిలింది యాసిడ్డే. మా చెల్లెలి రెండు మార్కుల జవాబు వెనకాల ఉన్న కథ ఇది. చెప్పటానికి అయిదు నిమిషాలు చాలు.

మన ఫీల్డు వాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు. పది సర్వీసుల గుండా వెళ్ళే రిక్వెస్టు ఎక్కడ ఎటు తిరిగిందో తెలియాలంటే ఏం చేస్తాం? దానికో ఐడీ తగిలించి వదులుతాం. తర్వాత లాగ్స్‌లో ఆ ఐడీ ఎక్కడెక్కడ తేలిందో వెతుకుతాం. ఐడీ తగిలించినంత మాత్రాన రిక్వెస్టు పని మారకూడదు, అది ముఖ్యం. ఐసోటోపు కూడా దాదాపు అంతే. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెడితే అణువు చేసే పనులు ఇంచుమించు అవే, వేగంలో కొంచెం తేడా. బరువు మాత్రం ఒకటి పెరుగుతుంది. ఆ ఒక్కటే మన ఐడీ.

ఈ ఐడీ తగిలించే పద్ధతికి ఆద్యుడు జార్జ్ హెవెషీ. 1943 నోబెల్ ఆయనదే. ఆయన మాంచెస్టర్లో అద్దెకున్న రోజుల గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఇంటావిడ ఆదివారం మిగిలిన కూరనే మళ్ళీ వారం మధ్యలో వేరే వంటకంగా తిప్పి పెడుతోందని ఈయనకి అనుమానం. ఆవిడేమో ఒప్పుకోదు. ఈయన తన ప్లేటులో మిగిలిన దాంట్లో కాస్త రేడియోధార్మిక పదార్థం వేసి, రెండ్రోజుల తర్వాత వచ్చిన వంటకం దగ్గర పరికరం పెట్టి చూస్తే.. దొరికిపోయింది! రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నే పులిహోరగా ప్రత్యక్షమయ్యే హాస్టల్ మెస్సుల్లో చదువుకున్న మనకి ఈయన బాధ బాగా అర్థమవుతుంది. అయితే ఒక మాట. ఐసోటోపు అనగానే రేడియేషన్ అని భయపడక్కర్లేదు. నేను చెబుతున్న డ్యుటీరియం, ఆక్సిజన్-18 రెండూ రేడియోధార్మికమైనవి కావు. మనం తాగే నీళ్ళల్లో కూడా ఉంటాయి. 20 లీటర్ల వాటర్ టిన్నులో ఉన్న డ్యుటీరియం అంతా పోగేస్తే దాదాపు 3 మిల్లీలీటర్ల భారజలానికి సరిపోతుంది.

సరే, ఐడీ తగిలించాం. చదవటం ఎలా? దానికే మాస్ స్పెక్ట్రోమీటర్. మా పొలాల్లో ఇప్పుడు కోత మిషన్లు వచ్చేశాయి గానీ, కళ్ళంలో తూర్పారబట్టటం చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. చేటలో నుంచి ధాన్యం వదిలితే గట్టి గింజ దగ్గర పడుతుంది, తాలు దూరంగా ఎగిరిపోతుంది. ఇక్కడ గాలి బదులు విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. పదార్థాన్ని ఆవిరి చేసి ఎలక్ట్రాన్లతో కొడితే అణువు ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఛార్జి తెచ్చుకుంటుంది, కొన్ని ముక్కలైపోతాయి. ఆ ముక్కల్ని బరువు ప్రకారం వేరుచేసి, ఏ బరువువి ఎన్ని వచ్చాయో గీతలుగా చూపిస్తుంది. అంతే.

ఇక ఒక ప్రయోగం చెబుతాను. అసిటోఫినోన్ తెలుసుగా, బెంజీన్ రింగుకి ఒక CO, దానికి ఒక CH3. బరువు 120. కార్బొనైల్ పక్కనున్న కార్బన్ మీది హైడ్రోజన్లు కాస్త ఆమ్ల స్వభావం ఉన్నవి, బేస్ ఉంటే ఊడి మళ్ళీ అతుక్కుంటాయి అని పుస్తకంలో చదువుతారు. ఊడి అతుక్కుంటే కంటికేం తేడా తెలుస్తుంది? ఏమీ తెలియదు. అదే భారజలంలో, కొంచెం సోడియం కార్బొనేట్ వేసి బాగా కలుపుతూ వేడి చేస్తే? ఊడినచోట డ్యుటీరియం వచ్చి కూర్చుంటుంది. మూడు హైడ్రోజన్లు, కాబట్టి 120 దగ్గరున్న గీత 123కి జరగాలి.

జరుగుతుంది. అసలు మజా ఆ తర్వాత ఉంది. మామూలు అసిటోఫినోన్ స్పెక్ట్రమ్‌లో అన్నిటికంటే పెద్ద గీత 105 దగ్గర, ఇంకోటి 77 దగ్గర, చిన్నది 43 దగ్గర ఉంటాయి. డ్యుటీరియం ఎక్కించాక 43 కాస్తా 46 అవుతుంది. 105, 77 మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఎందుకు? 105 అంటే CH3 ఊడిపోగా మిగిలిన ముక్క. 77 అంటే ఉత్త రింగు. మార్పు జరిగింది CH3 లోనే అయితే, అది పోయాక మిగిలిన ముక్క బరువు మారకూడదు కదా! 43 అంటే ఆ CH3, CO కలిసిన ముక్క, అందుకే అది మూడు పెరిగింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, మార్పు ఎక్కడ జరిగిందో నాలుగు గీతలే చెప్పేస్తాయి. బగ్ ఏ మాడ్యూల్లో ఉందో స్టాక్ ట్రేస్ చూపించినట్టు.

లెక్కలు ఇష్టమైనవాళ్ళకి ఇంకొంచెం. 1.2 గ్రాముల అసిటోఫినోన్‌కి 5 మిల్లీలీటర్ల భారజలం వాడితే, మొత్తం మారగలిగిన హైడ్రోజన్లలో దాదాపు 95 శాతం డ్యుటీరియమే. కాబట్టి మూడు చోట్లా డ్యుటీరియం కూర్చునే అవకాశం 0.95 ని మూడుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే నూటికి 85 అణువుల చొప్పున 123 దగ్గర, ఓ 14 అణువులు 122 దగ్గర. ఇంటర్లో చదివిన బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ కళ్ళముందు గీతలై నిలబడుతుంది. 122 ని ఇంకా తగ్గించాలంటే తాజా భారజలంతో ఇంకోసారి చేయాలి. ఆఖర్లో బేస్ ఉన్న మామూలు నీళ్ళల్లో వదిలేస్తే మటుకు డ్యుటీరియం వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. అదీ పాఠమే.

పక్కనే ఇంకో సీసాలో బెంజోఫినోన్‌తో కూడా ఇదే చేయాలి. బరువు 182. దానికి అటూ ఇటూ రింగులే, ఊడే హైడ్రోజన్ లేదు. అందుకని 182 అక్కడే ఉంటుంది. పిల్లలు ఏ గీత ఎటు జరుగుతుందో ముందే రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవాలి, స్పెక్ట్రమ్ తర్వాత చూడాలి. మనం టెస్ట్ కేసు ముందు రాసి కోడ్ తర్వాత రన్ చేసినట్టు. అప్పుడు కాపీ రికార్డులకి తావుండదు.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో అండర్ గ్రాడ్యుయేట్ ల్యాబుల్లో ఇలాంటివి చాలాకాలంగా చేయిస్తున్నారు, జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్ తిరగేస్తే ఎన్నో కనిపిస్తాయి. వాళ్ళకి డబ్బులున్నాయి కాబట్టి చేస్తున్నారంటారా? అక్కడికే వస్తున్నా.

ఈ ప్రయోగానికి కావలసిన అసలు సరుకు భారజలం. అది ఎక్కడ తయారవుతుందో తెలుసా? మన గోదావరి ఒడ్డున! మణుగూరు దగ్గర అశ్వాపురంలో, 1991 నుంచి. ఏడాదికి 185 టన్నుల సామర్థ్యం ఉన్న ప్లాంటు. అక్కడ జరిగే పని కూడా మన ప్రయోగానికి అన్నలాంటిదే. నీళ్ళనీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునీ ఎదురెదురుగా పంపుతారు. చల్లని టవర్లో డ్యుటీరియం నీళ్ళ వైపు మొగ్గుతుంది, వేడి టవర్లో వాయువు వైపు. మళ్ళీ మళ్ళీ ఇలా చేసి డ్యుటీరియాన్ని పోగేస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటే మన కాలేజీ ల్యాబుల్లో కిప్ ఉపకరణం నుంచి కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే ఆ వాయువే. కంపు మటుకు మన పిల్లలకి తెలుసు, అదే వాయువుతో మన దగ్గరే దేశం మొత్తానికి పనికొచ్చే పని జరుగుతోందని తెలియదు. రియాక్టర్ల కోసమే కాకుండా, ల్యాబులకీ మందులకీ పనికొచ్చే డ్యుటీరియం పదార్థాల మీద కూడా భారజల బోర్డు ఇప్పుడు దృష్టి పెట్టింది. టన్నుల్లో తయారయ్యే చోటు నుంచి బాపట్ల దాకా అయిదు మిల్లీలీటర్లు రాలేవా?

"ఇదంతా సరే, దీనివల్ల పిల్లలకి ఒరిగేదేంటి?" అంటారా. ఉద్యోగం. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారు? జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ.. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబులకి. అక్కడ వాళ్ళని కూర్చోబెట్టేది బ్యూరెట్ ముందు మాత్రమే కాదు, ఎల్సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ ముందు కూడా. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే కలుషితం బయటపడి దేశదేశాల్లో మందులు వెనక్కి తీసుకున్నారు. హైదరాబాదు కంపెనీల పేర్లు కూడా ఆ జాబితాల్లోకి ఎక్కాయి. పదిలక్షల్లో ఒక వంతు కన్నా తక్కువ ఉన్న పదార్థాన్ని పట్టుకోవాలి. దానికి అందరూ వాడే పద్ధతుల్లో ఒకటి, అదే పదార్థాన్ని డ్యుటీరియంతో తయారుచేసి, తెలిసినంత కలిపి, రెండు గీతల్నీ పోల్చి చూడటం. ఒక మందు రక్తంలోకి ఎంత చేరిందో కొలిచే చోటా ఇదే విద్య. అంతెందుకు, 2017లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న డ్యూటెట్రాబెనజీన్ అనే మందులో హైడ్రోజన్ల చోట డ్యుటీరియం కావాలనే పెట్టారు, ఒంట్లో నెమ్మదిగా కరగాలని.

ఈ ల్యాబుల్లో చేరే పిల్లకి మూడేళ్ళ డిగ్రీలో ఒక్క స్పెక్ట్రమ్ కూడా చూపించకపోతే ఏమవుతుంది? డబ్బున్నవాళ్ళు హైదరాబాదులో ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో చేరి మూడు నెలల్లో ఆ మిషన్ల పేర్లు నేర్చుకుంటారు. మనం జావా కోసం అమీర్‌పేట వెళ్ళినట్టే. లేనివాళ్ళు "ఫ్రెషర్" అన్న ముద్రతో ప్యాకింగ్ సెక్షన్ దగ్గరే ఆగిపోతారు. ఒకే మార్కులొచ్చిన ఇద్దరి మధ్య ఈ తేడా వస్తోంది చూశారూ, నా బాధంతా అక్కడే.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, "ఉన్న ల్యాబులో సరైన బ్యూరెట్లే లేవు, గ్యాస్ రాదు, నువ్వు మాస్ స్పెక్ట్రోమీటర్ అంటావా?" అని. నిజమే, బ్యూరెట్లు కావాలి, కాదనను. అయితే "ముందు అది, తర్వాత ఇది" అన్న వరసలో మన పల్లెటూరి కాలేజీల వంతు ఎప్పుడూ ఆఖరికే వస్తుంది. పైగా నేను కాలేజీకో మిషన్ కొనమనట్లేదు. దాని ఖరీదు పదుల లక్షలు, కొన్నా ఏసీ గది, కరెంటు, హీలియం సిలిండరు, బాగుచేసే మనిషీ కావాలి. తాళం వేసి పెట్టిన మిషన్ల కథలు మనకి కొత్త కాదు.

కావలసింది మిషన్ కాదు, గీతలు. పదార్థం కాలేజీలో చేయాలి, కొలత ఎక్కడైనా జరగొచ్చు. జీసీ-ఎంఎస్‌కి ఒక మైక్రోలీటర్ సరిపోతుంది. చిన్న సీసాల్లో మూత బిగించి పంపితే ఫైళ్ళు మెయిల్లో వస్తాయి. హైదరాబాదు ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీకి పెట్టింది పేరైన విభాగం ఉంది. చెన్నై ఐఐటీలో బయటివాళ్ళు కూడా ఫీజు కట్టి వాడుకునే శైఫ్ కేంద్రం ఉంది. చీరాలలో రైలెక్కితే చెన్నై ఒక రాత్రి దూరం. ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూపించే ఐ-స్టెమ్ పోర్టల్‌ని 2020లో కేంద్రమే మొదలుపెట్టింది. క్లాసంతా కలిపి నాలుగైదు శాంపిళ్ళు పంపితే చాలు. ఒక్కో బ్యాచ్ తన సీసాకి తన గీతలు చదువుకుంటుంది.

రెండో అభ్యంతరం లెక్చరర్ల నుంచి. "సిలబస్ పూర్తిచేయటానికే టైము లేదు, సగం పోస్టులు గెస్ట్ ఫ్యాకల్టీ." ఇది బలమైన మాటే. జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషిని కొత్త ప్రయోగం పెట్టమనటం న్యాయం కాదు. అందుకే ఇది ఒక్కో లెక్చరర్ మంచితనం మీద వదిలేసే పని కాదు, యూనివర్సిటీ ప్రాక్టికల్ సిలబస్‌లోనే ఒక్క ప్రయోగంగా రాయాలి. శాంపిళ్ళ ఫీజు పరీక్ష ఫీజులో కలిపి పిల్లల నెత్తిన రుద్దకుండా యూనివర్సిటీయే భరించాలి. అది జరిగేదాకా కూడా ఆగక్కర్లేదు. అసిటోఫినోన్ స్పెక్ట్రమ్ అమెరికా వాళ్ళ నిస్ట్ వెబ్‌బుక్‌లో ఉచితంగా ఉంది. క్లోరోబెంజీన్‌ది కూడా తెరిచి చూడండి. 112, 114 దగ్గర మూడుకి ఒకటి చొప్పున జంట గీతలుంటాయి, క్లోరిన్-35, క్లోరిన్-37 ప్రకృతిలో ఉన్న పాళ్ళే అవి. సోడియంతో కరిగించి, సిల్వర్ నైట్రేట్ వేసి, తెల్లటి అవక్షేపం కోసం గంటసేపు కుస్తీ పట్టిన పిల్లకి అదే క్లోరిన్ ఇలా కూడా కనపడుతుందని చూపించటానికి ఒక ఫోనూ, పది నిమిషాలూ చాలు.

ఇక మనం. మన ఊళ్ళ నుంచి వచ్చి ఐటీలో స్థిరపడ్డవాళ్ళం గుళ్ళకి గోపురాలు కట్టిస్తున్నాం, ఊరి మొదట్లో పేర్లు చెక్కిన ఆర్చీలు కట్టిస్తున్నాం. తప్పేం లేదు. ఒక ఆర్చీకయ్యే ఖర్చులో ఎన్నేళ్ళ శాంపిళ్ళ ఫీజులు వెళ్తాయో ఒకసారి లెక్కేయండి. డబ్బొక్కటే కాదు, మన చేతిలో ఉన్న విద్య కూడా ఉంది. పిల్లలు ముందు తమ అంచనా రాసి, తర్వాత అసలు గీతల్ని దాని పక్కన పెట్టి చూసుకునే ఒక చిన్న పేజీ, తెలుగులో. రెండు వారాంతాల పని. ఎవరైనా కలిసొస్తే నేను రెడీ.

ఒక్క ప్రయోగంతో ఎవరూ శాస్త్రవేత్తలైపోరు, నాకు తెలుసు. అయితే తను చేసిన పదార్థం 120 నుంచి 123కి జరగటం ఒకసారి చూసిన పిల్ల, ఆ తర్వాత ఏ బాణం చూసినా "ఎలా తెలిసింది?" అని అడుగుతుంది. "పరీక్షకి రాదు" అంటే ఊరుకోదు. అలా అడిగేవాళ్ళు క్లాసుకి నలుగురున్నా చాలు, చెప్పేవాళ్ళు కూడా చదువుకుని రావాల్సి వస్తుంది.

మీ వైపు డిగ్రీ కాలేజీల్లో పరిస్థితి ఎలా ఉందో, ఎవరైనా ఇలాంటిది చేయిస్తున్నారేమో, తెలిస్తే తప్పకుండా చెప్పండి.